బికినీ, రాంగెలాప్: ఇక తమ దీవికి తిరిగి వెళ్ళవచ్చని ఎప్పుడు చెప్పగలం?

ప్రశ్న: ఓడ ఇంజనీరు, విశాఖపట్నం

ఇరవై రెండేళ్ళుగా సరుకు ఓడల ఇంజన్ గదులలో పని చేస్తున్నాను. నేను ఎక్కిన ఓడలలో చాలావాటికి వెనుక భాగాన, ఓడ పేరు కింద, ‘మజురో’ అని రాసి ఉండేది. మార్షల్ దీవుల జెండా కింద నమోదైన ఓడలకు సొంత రేవుగా రాసే పేరు అది. మన కోస్తా నుంచి వెళ్ళిన కుర్రవాళ్ళు ఎందరో ఏళ్ళ తరబడి ఆ జెండా నీడన జీతాలు తీసుకుంటున్నా, ఆ దేశం ఎక్కడుందో, అక్కడి మనుషులకు ఏం జరిగిందో తెలిసినవారు మాలో తక్కువ. ఈసారి సెలవులో ఇంటి దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాను.

నాకు అర్థమైన మేరకు జరిగింది ఇది. 1946 ఫిబ్రవరిలో అమెరికా నౌకాదళ అధికారి బెన్ వాయట్ మార్షల్ దీవులలోని బికినీకి వచ్చి, మానవాళి మేలు కోసమంటూ, అణుబాంబుల పరీక్షలకు దీవిని కొంతకాలం ఖాళీ చేసి ఇవ్వమని అక్కడివారిని అడిగాడు. మార్చిలో 167 మందిని రాంగెరిక్ అనే చోటికి తరలించారు. అక్కడ తిండి చాలక రెండేళ్ళలో చిక్కి శల్యమయ్యారు. 1948లో కొన్ని నెలలు క్వాజలీన్‌లో గుడారాలలో ఉంచి, ఆ ఏడాది నవంబరులో కిలీ అనే ఒంటరి దీవికి చేర్చారు. కిలీకి లగూన్ లేదు. ఈ మాట బరువు సముద్రం మీద బతికినవారికి బాగా తెలుస్తుంది. పగడపు వలయం లోపల ప్రశాంతంగా నిలిచిన నీటిలో పడవ నడుపుకుని, చేపలు పట్టుకుని, ఒక దీవి నుంచి మరో దీవికి తిరిగిన జనాన్ని, నాలుగు వైపులా నేరుగా మహాసముద్రం విరుచుకుపడే ఒక చదరపు కిలోమీటరు నేల మీద వదిలేశారు. ఏడాదిలో కొన్ని నెలలు అలల ఉధృతికి అక్కడ పడవ ఒడ్డుకు చేరడమే కష్టం.

1946 నుంచి 1958 వరకు బికినీలో 23, మార్షల్ దీవులన్నింటిలో కలిపి 67 అణు పేలుళ్ళు జరిగాయి. 1968లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బికినీ వాసులు ఇక ఇంటికి వెళ్ళవచ్చని ప్రకటించాడు. శిథిలాలను తొలగించి, కొబ్బరి మొక్కలు నాటి, ఇళ్ళు కట్టారు. 1970ల తొలి సంవత్సరాలలో కొన్ని కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. 1978 సెప్టెంబరులో, అప్పటికి అక్కడున్న 139 మందిని మళ్ళీ ఓడ ఎక్కించి దీవి ఖాళీ చేయించారు.

నాకు కొరుకుడుపడనిది ఇక్కడే. రేడియోధార్మికత అనేది కాలంతో పాటు తగ్గేదే గాని పెరిగేది కాదు కదా. 1968లో సురక్షితమన్న నేల 1978 నాటికి మరికొంత చల్లబడి ఉండాలి. అలాంటిది పదేళ్ళ తరవాత ప్రమాదకరం ఎలా అయింది? అప్పటి నిపుణులు లెక్క తప్పారా, లేక అసలు తప్పుడు ప్రశ్నకు సరైన లెక్క కట్టారా? ఒక దీవికి జనం తిరిగి వెళ్ళవచ్చని చెప్పడానికి దేన్ని కొలవాలి, ఎంత ఉంటే చాలనాలి, ఆ మాట ఎవరు చెప్పాలి? ఈ విషయంతో పరిచయం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు: విశ్రాంత రేడియేషన్ భద్రతాధికారి, హైదరాబాద్

ఇంజనీరు గారూ, మీ రెండో ఊహే నిజానికి దగ్గరగా ఉంది. వారు నేలను కొలిచారు. కొలవవలసింది ఆ నేల మీద బతకబోయే మనిషి భోజనాన్ని.

రేడియేషన్ మనిషిని చేరే దారులు రెండు. నేలలో ఉన్న పదార్థం నుంచి గామా కిరణాలు వచ్చి బయటి నుంచి తాకడం ఒకటి. ఆ పదార్థం తిండితో, నీటితో, శ్వాసతో ఒంట్లోకి చేరి లోపలి నుంచి తాకడం రెండోది. మొదటిదాన్ని చేతిలో మీటరు పట్టుకుని దీవి అంతా నడిస్తే ఒక్క రోజులో తెలుసుకోవచ్చు. రెండోదానికి ఆ దీవిలో ఏం పండుతుంది, ఎవరు ఎంత తింటారు, ఏ కాలంలో ఎక్కువ తింటారు అన్నది తెలియాలి. బికినీలో మొత్తం డోసులో చాలా పెద్ద వాటా ఈ రెండో దారిలోనే వస్తుంది.

దానికి కారణం అక్కడి మట్టి. పగడపు దీవి మట్టి అంటే దాదాపు సున్నపు పొడి. మన నేలల్లో ఉండే బంకమన్ను, పేలుళ్ళు మిగిల్చే రేడియోధార్మిక పదార్థమైన సీజియాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి అది మొక్కలోకి అంత సులువుగా పోదు. పగడపు మట్టిలో బంకమన్ను లేదు, పైగా పొటాషియం చాలా తక్కువ. సీజియం, పొటాషియం రసాయనికంగా ఒకే కుటుంబానివి. పొటాషియం కోసం ఆవురావురుమంటున్న చెట్టు వేరు, చేతికి దొరికిన సీజియం-137ను పొటాషియమనుకుని లోపలికి లాగేస్తుంది. కొబ్బరి చెట్టుకు పొటాష్ ఆకలి ఎంతటిదో కోనసీమ రైతును అడిగితే చెబుతాడు. బికినీలో ఆ ఆకలి తీరేందుకు వేరే దారి లేకపోయింది.

ఇప్పుడు మీరు చెప్పిన తేదీలను కొబ్బరి చెట్టు వయసుతో కలిపి చూడండి. మొక్కలు నాటడం మొదలైనది 1969 ప్రాంతంలో. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మొదటి కుటుంబాలు వెళ్ళినప్పుడు దీవిలో తినడానికి కాయ లేదు. 1970ల మధ్యలో చెట్లు కాపుకు వచ్చాయి, జనం కాయలు కొట్టుకుని తాగారు, తిన్నారు, వారి శరీరాలలో సీజియం పెరగడం మొదలైంది. 1977, 1978లలో కొలిచినప్పుడు ఒక్క ఏడాదిలోనే 75 శాతం పెరిగినట్టు తేలింది. నేల చల్లబడుతూనే ఉంది, మనుషులే వేడెక్కారు. తిరిగి వెళ్ళవచ్చన్న నిర్ణయం కాపు లేని దీవిని చూసి తీసుకున్నది, జనం బతికింది కాపు ఉన్న దీవిలో.

నిర్ణయానికి ముందు నిపుణులు ఆహారాన్ని అసలు లెక్కించలేదని కాదు. స్థానికులు రోజుకు తినే కొబ్బరిని వాస్తవం కంటే చాలా తక్కువగా అంచనా వేశారు. కొబ్బరి అంటే వారికి పచ్చడిలో వేసుకునే వస్తువు కాదు. లేత బోండం నీళ్ళు, మీగడ, ముదురు కాయ, మొలకెత్తిన కాయలో ఉండే మెత్తటి కొబ్బరి పువ్వు, గెల నుంచి గీసిన కల్లు, ఆ తీపి కల్లునే పసిపిల్లలకు పట్టడం, వీటన్నింటినీ కలిపితేగాని వారి కొబ్బరి లెక్క పూర్తి కాదు. దానితో పాటు సీమపనస, మన మొగలికి దగ్గరి చుట్టమైన పండనస్ పండు, కొబ్బరి కాయలు తిని పెరిగే పెద్ద పీత. ఆ పీత సీజియాన్ని ఇంకా ఎక్కువగా పోగు చేసుకుంటుంది. దూరాన కూర్చుని ఒక పట్టిక నింపే మనిషికి ఈ వివరాలు తోచవు. ఆ వంటింట్లో నాలుగు రోజులు గడిపిన వ్యక్తి ఎవరైనా చెప్పగలిగేవారు.

ఈ పొరపాటు నుంచి నేర్చుకున్న తరవాతి తరం నిపుణులు లెక్క పద్ధతి మార్చారు. 1990ల మధ్యలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బికినీ విషయాన్ని పరిశీలించడానికి ఒక సలహా బృందాన్ని ఏర్పాటు చేసింది. దీవిలో పండినదే తింటూ బతికే మనిషికి సహజంగా వచ్చే రేడియేషన్ కాక ఏటా దాదాపు 15 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి అందే రేడియేషన్ డోసుకు కొలమానం) డోసు వస్తుందని ఆ బృందం లెక్క కట్టింది. సహజంగా వచ్చేది అక్కడ 2.4 మిల్లీసీవర్ట్‌ల చుట్టూ ఉంటుంది. బయటి నుంచి తెచ్చిన బియ్యం, డబ్బా ఆహారం కలిపి తింటే 15 కాస్తా 4 దాకా దిగుతుంది. ఏ చర్యా తీసుకోకుండా శాశ్వత నివాసానికి బికినీ ఇప్పట్లో తగదని వారు తేల్చి చెప్పారు.

చర్య ఏమిటన్నదే వారి సలహాలో నాకు బాగా నచ్చిన భాగం. లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు బికినీ కొబ్బరి తోటలలో ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, చెట్లకు పొటాషియం క్లోరైడు వేస్తే కాయలలో సీజియం పదో వంతుకు పడిపోతుందని చూపించారు. మన రైతులు పాదులలో వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అదే. అసలు పొటాషియం అందుబాటులో ఉంటే చెట్టు నకిలీని ముట్టదు. దీనికి ప్రత్యామ్నాయంగా పైమట్టినంతా నలభై సెంటీమీటర్ల లోతున చెక్కి పారేయడం గురించి కూడా చాలా చర్చ జరిగింది. చెక్కితే సీజియం పోతుంది, కాని పగడపు దీవిలో ఆకులలములు కుళ్ళి ఎన్నో తరాలుగా ఏర్పడిన కాస్తంత సారవంతమైన పొర కూడా దానితోనే పోతుంది. మిగిలేది ఏమీ మొలవని తెల్లటి సున్నం. అందువల్ల ఇళ్ళ చుట్టూ మాత్రం మట్టి తీసి, శుభ్రమైన పగడపు కంకర పరచి, తోటలన్నింటికీ పొటాష్ వేయాలన్నది చివరికి కుదిరిన సలహా. మొత్తం చెక్కించాలనే బికినీ వాసులలో చాలామంది కోరారు. రెండుసార్లు మోసపోయిన మనిషికి, విషం మట్టిలోనే ఉంటుంది గాని కాయలోకి రాదు అంటే నమ్మకం కుదరకపోవడంలో తప్పు లేదు.

మరో సంగతి. సీజియం-137 అర్ధాయువు, అంటే అది దానంతట అది సగానికి తగ్గే కాలం, 30 ఏళ్ళు. కాని వాన నీటితో అది వేళ్ళకు అందనంత లోతుకు దిగిపోతూ ఉంటుంది కాబట్టి, ఆ దీవుల చెట్లలో అది సగానికి తగ్గడానికి ఎనిమిది, తొమ్మిదేళ్ళే పడుతోందని తరవాత గుర్తించారు. తిరిగి వెళ్ళే రోజు కాగితం మీద లెక్కించినదాని కంటే ముందే రావచ్చని దీని అర్థం. అయితే ఎంత ముందన్నది కాయ కాయను కొలిచి తేల్చుకోవలసిందే.


జవాబు: వైద్యురాలు, ఆర్కన్సా

పై వివరణ చదివి చాలా నేర్చుకున్నాను. నేను అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం వాయవ్య మూలన వైద్యవృత్తిలో ఉన్నాను. బెంటన్‌విల్‌లో ఉద్యోగాలు చేసే మన తెలుగువారికి పక్కనే ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊరు తెలిసే ఉంటుంది. అమెరికా ప్రధాన భూభాగంలో మార్షల్ దీవులవారు అందరికంటే ఎక్కువగా స్థిరపడినది అక్కడే. కోళ్ళ మాంసం ఫ్యాక్టరీలలో పని చేస్తూ, చర్చి చుట్టూ బతుకు అల్లుకుని ఉంటారు. వారిలో కొందరు రాంగెలాప్ మూలాలున్నవారు. అందుకే బికినీ కథకు రాంగెలాప్ కథను జోడించాలనిపిస్తోంది, ఎందుకంటే ఎంత కొలవాలన్న ప్రశ్న కంటే ఎవరు కొలవాలన్న ప్రశ్న అక్కడ పెద్దదిగా కనిపిస్తుంది.

1954 మార్చి 1న బికినీలో జరిపిన బ్రావో పేలుడు 15 మెగాటన్నులకు చేరింది. శాస్త్రజ్ఞులు ఊహించినదానికి అది రెండున్నర రెట్లు. కొన్ని గంటల తరవాత, తూర్పున దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాంగెలాప్ మీద తెల్లని పొడి రాలింది. పొడిగా కాలిపోయిన పగడం అది. పిల్లలు దానితో ఆడుకున్నారు, నీళ్ళ తొట్లలో పడినదాన్ని నీళ్ళతో పాటు తాగారు. రాంగెలాప్‌లో 64 మంది, పక్కనున్న ఐలింగినేలో 18 మంది రెండు రోజులు అందులోనే ఉన్నారు. వాంతులు, ఒంటి మీద కాలిన పుండ్లు, ఊడిపోయిన జుట్టు, అన్నీ వైద్య నివేదికలలో నమోదై ఉన్నాయి.

మూడేళ్ళకు, 1957లో, వారిని తిరిగి పంపించారు. కొద్దిపాటి రేడియేషన్ మిగిలి ఉన్నా దీవి నివాసయోగ్యమేనని అమెరికా అణుశక్తి కమిషన్ చెప్పింది. ఉత్తరపు దీవుల వైపు వెళ్ళవద్దని, కొబ్బరి పీతలు తినవద్దని మాత్రం హెచ్చరించారు. అప్పటి నుంచి బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాల వైద్యులు ఏటా ఓడలో వచ్చి రక్తం, మూత్రం తీసుకుని, యంత్రంలో కూర్చోబెట్టి కొలిచి వెళ్ళేవారు. ఆ ప్రజలు ఆ దీవిలో నివసించడం వల్ల మానవులకు సంబంధించి ఎంతో విలువైన రేడియేషన్ సమాచారం లభిస్తుందని ఆ ప్రయోగశాల నివేదికలోనే రాసుకున్నారు. ఆ వాక్యం రాసిన వైద్యులు రోగుల పట్ల శ్రద్ధ లేనివారు కాకపోవచ్చు, థైరాయిడ్ గడ్డలు బయటపడినప్పుడు శస్త్రచికిత్సలు చేయించినదీ వారే. కాని ఆ వాక్యం గురించి తెలిసిన ఏ రాంగెలాప్ వ్యక్తికీ, తమను తిరిగి పంపింది తమ కోసమా, సమాచారం కోసమా అన్న అనుమానం జీవితాంతం పోలేదు. వైద్యురాలిగా ఆ అనుమానాన్ని నేను కాదనలేను. ఒకే సంస్థ చేతిలో నిర్ణయం, కొలత, చికిత్స, పరిశోధన నాలుగూ ఉన్నప్పుడు రోగికి దేనినీ విడదీసి నమ్మే అవకాశం ఉండదు.

1960ల నుంచి థైరాయిడ్ గడ్డలు కనిపించసాగాయి. పేలుడు నాటికి పదేళ్ళలోపు వయసున్న పిల్లలలో అత్యధికులకు ఏదో ఒక థైరాయిడ్ సమస్య వచ్చింది. 1954లో దీవిలో లేకుండా 1957లో మాత్రమే వచ్చి చేరినవారు కూడా తమకు జబ్బులు వస్తున్నాయని చెప్పసాగారు. 1978లో ఉత్తర దీవులన్నింటినీ సర్వే చేసి, 1982లో ఆ ఫలితాలను మార్షలీస్ భాషలో కూడా అచ్చు వేశారు. తమ వలయంలోని కొన్ని దీవులు బికినీతో సమానంగా కలుషితమై ఉన్నాయని రాంగెలాప్ జనం సొంత భాషలో చదువుకున్నది అప్పుడే. వారు తమను తరలించమని అడిగారు. ఎవరూ ముందుకు రాకపోతే, సెనేటర్ జెటన్ అంజైన్ అభ్యర్థన మీద గ్రీన్‌పీస్ వారి రెయిన్‌బో వారియర్ ఓడ 1985 మేలో వచ్చి, 300 మందికి పైగా జనాన్ని, విప్పదీసిన ఇళ్ళ చెక్కలతో సహా మెజాటో దీవికి చేర్చింది.

ఇంజనీరు గారూ, మీ ప్రశ్నకు ఈ కథలో ఒక జవాబు ఉందని నాకనిపిస్తుంది. తిరిగి వెళ్ళడం ఎంత ముఖ్యమో, వెళ్ళాక బాగాలేదనిపిస్తే మళ్ళీ బయటికి రాగలగడం అంత ముఖ్యం. 1957లో వెళ్ళినవారికి ఇరవై ఎనిమిదేళ్ళు ఆ దారి లేదు.


ఓడ ఇంజనీరు, విశాఖపట్నం

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొబ్బరి కాపు సంగతి చదివాక నా సందేహంలో సగం తీరిపోయింది. మిగిలిన సగం అంకెల గురించి. నేను చదివినవాటిలో ఒకచోట ఏటా 0.15 మిల్లీసీవర్ట్‌లు, ఒకచోట 1, జపాన్‌లో ఫుకుషిమా వాసుల విషయంలో ఏకంగా 20 అని కనిపిస్తోంది. ఇంజన్ గదిలో ఒక బాయిలర్ పీడనానికి ఒక దేశంలో ఒక హద్దు, మరో దేశంలో దానికి నూరు రెట్ల హద్దు ఉంటే మేము ఆ బాయిలర్ దగ్గరికి వెళ్ళం. మనిషి శరీరం అన్ని చోట్లా ఒకటే కదా?


జవాబు: న్యాయశాస్త్ర పరిశోధకుడు, గుంటూరు

శరీరం ఒకటే. ఆ అంకెలు మాత్రం శరీరం గురించి కావు, ఎంత ముప్పును ఎవరి నెత్తిన పెట్టడం న్యాయమన్న దాని గురించి. బాయిలర్ ఒక పీడనం దాటితే పేలుతుంది. ఇంత తక్కువ డోసులకు అలాంటి గీత లేదు. డోసు పెరిగిన కొద్దీ కేన్సరు వచ్చే అవకాశం కొద్దికొద్దిగా పెరుగుతుందనే లెక్క మీద నియమాలన్నీ రాస్తారు. కాబట్టి గీత ఎక్కడ గీయాలన్నది శాస్త్రం చెప్పదు, శాస్త్రం తెలిసినవారితో కూర్చుని సమాజం చెప్పాలి.

మీరు చెప్పిన మూడింటి వెనకా మూడు చరిత్రలున్నాయి. ప్రమాదం జరిగిపోయి నేల కలుషితమయ్యాక జనం అక్కడ బతకవలసి వచ్చినప్పుడు, ఏటా 1 నుంచి 20 మిల్లీసీవర్ట్‌ల మధ్య ఒక స్థాయిని ఎంచుకుని కాలక్రమంలో దిగువకు తేవాలని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ సిఫార్సు. జపాన్ ఖాళీ చేయించిన ప్రాంతాలను తిరిగి తెరవడానికి దాని పై కొసన ఉన్న 20ని తీసుకుంది, అక్కడి తల్లిదండ్రులు చాలామంది దాన్ని నేటికీ అంగీకరించలేదు. రాంగెలాప్ విషయంలో 1992లో అమెరికా శాఖలకు, మార్షల్ ప్రభుత్వానికి, రాంగెలాప్ స్థానిక ప్రభుత్వానికి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. అందులో హద్దు 1 మిల్లీసీవర్ట్. అంకె కంటే నాకు విలువైనదిగా తోచినది దాని పక్కనున్న షరతు: దీవిలో అందరికంటే ఎక్కువ డోసు పొందే వ్యక్తికి, అదీ పూర్తిగా స్థానిక ఆహారమే తింటున్నాడనుకుని, ఆ హద్దు దాటకూడదు. సగటు మనిషి కాదు, డబ్బా ఆహారం తినే మనిషి కాదు. 1968 నాటి తప్పుకు అక్షరాలా విరుగుడు ఆ షరతు.

ఇక 0.15. అమెరికా పర్యావరణ సంస్థ తన దేశంలో కలుషిత స్థలాలను శుభ్రం చేయడానికి పెట్టుకున్న ప్రమాణం అది. అమెరికాకూ మార్షల్ దీవులకూ మధ్య కుదిరిన 1986 నాటి ఒడంబడిక కింద ఏర్పడిన అణు పరిహార ట్రిబ్యునల్, మార్షల్ దీవులవారు అమెరికన్ల కంటే తక్కువ రక్షణకు ఎందుకు ఒప్పుకోవాలన్న వాదనను అంగీకరించి ఈ ప్రమాణాన్నే స్వీకరించింది. నా దృష్టిలో ఈ తీర్పులో గట్టి న్యాయం ఉంది. కలుషితం చేసినవాడు తన ఇంటి పెరటికి ఏ కొలత వాడతాడో పక్కవాడి పెరటికీ అదే వాడాలి. దాని ఆధారంగానే 2001లో బికినీ వాసులకు 56.3 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించారు. అందులో మట్టి శుభ్రం చేయడానికయ్యే ఖర్చు కూడా ఉంది. కాని ఒడంబడిక కింద అమెరికా ఇచ్చిన అణు పరిహార నిధి మూలధనం మొత్తం 15 కోట్ల డాలర్లే, ట్రిబ్యునల్ చెల్లింపులకు దక్కింది అందులో ఒక భాగమే. ప్రకటించినదానిలో నామమాత్రం చెల్లించేసరికే నిధి అడుగంటింది. 2010లో అమెరికా సుప్రీంకోర్టు వారి పిటిషన్‌ను విచారణకు తీసుకోలేదు.

ఇది పక్క విషయంలా కనిపించినా కాదు. హద్దు ఎంత అనేది తేలాక ఆ హద్దుకు దీవిని తెచ్చే డబ్బు లేకపోతే, ఏదో ఒకటి దిగిరావలసి వస్తుంది. అన్ని చోట్లా దిగివస్తున్నది హద్దే. పైగా కాలం కూడా వారి వైపు లేదు. 2011 తరవాత కిలీ దీవి మీదికి పెద్ద పోటు అలలు పదే పదే వచ్చి, ఇళ్ళలోకి, బావులలోకి ఉప్పునీరు చేరింది. పుట్టిన దీవిలో సీజియం ఉంది, తలదాచుకున్న దీవి సముద్రం పాలవుతోంది. ఇలాంటివారిని ‘సురక్షితమయ్యే దాకా ఆగండి’ అనడం కూడా ఒక ప్రమాదంలో ఉంచడమే. అందుకే తిరిగి వెళ్ళడంలోని ముప్పును సున్నాతో పోల్చకూడదనీ, ఇప్పుడున్న చోటి ముప్పుతో పోల్చాలనీ నా అభిప్రాయం.


జవాబు: విశ్రాంత రేడియేషన్ భద్రతాధికారి, హైదరాబాద్

పరిశోధకుడు గారు చెప్పిన పోలికతో ఏకీభవిస్తాను. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆ పోలికను వెళ్ళబోయేవారు చేసుకోవాలి. వారి తరఫున కార్యాలయంలో కూర్చున్నవారు చేస్తే 1957 మళ్ళీ వస్తుంది.

కొలిచే పని వారి చేతికే ఇవ్వవచ్చని చూపించిన ఉదాహరణ ఒకటి ఉంది. 2000 ప్రాంతం నుంచి మార్షల్ దీవులలోని మరో వలయమైన ఎనివెటాక్‌లో, రాంగెలాప్‌లో, మజురోలో శరీరంలోని సీజియాన్ని కొలిచే యంత్రాలను నెలకొల్పి, శిక్షణ పొందిన స్థానికులే నడిపేలా లివర్‌మోర్ ప్రయోగశాల ఏర్పాటు చేసింది. ఆ యంత్రం చూడటానికి పెద్ద కుర్చీలా ఉంటుంది. మనిషి అందులో కదలకుండా కొద్ది నిమిషాలు కూర్చుంటే, ఎదురుగా ఉన్న సోడియం అయొడైడ్ స్ఫటికం ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెడుతుంది. సూది లేదు, నొప్పి లేదు, సంఖ్య వెంటనే తెలుస్తుంది. పెద్దవారి ఒంట్లో సీజియం సగానికి తగ్గడానికి మూడు నెలలకు కాస్త అటూ ఇటూ పడుతుంది కాబట్టి, ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే ఆ మధ్య తిన్నది దాదాపు అంతా లెక్కకు వస్తుంది. పట్టికలలో వేసిన అంచనాకూ నిజంగా తిన్న తిండికీ ఉన్న తేడాను పట్టివ్వగలిగింది ఈ కుర్చీ ఒక్కటే. ఇది దీవిలో పని చేస్తూ ఉండటం, సంఖ్య కూర్చున్న మనిషి చేతికే నేరుగా అందడం, ఈ రెండూ తిరిగి వెళ్ళడానికి ముందు షరతులు కావాలంటాను.

‘దీవి’ అని ఏకవచనంలో మాట్లాడటం వల్ల కూడా పొరపాట్లు జరిగాయి. ఒక పగడపు వలయంలో పదుల దీవులుంటాయి, గాలి ఎటు వీచిందన్న దాన్ని బట్టి వాటి మధ్య ఎంతో తేడా ఉంటుంది. ఎనివెటాక్ జనం 1980లో దక్షిణపు దీవులకు తిరిగి వచ్చారు. ఉత్తరాన ఉన్న ఎంజెబీ కూడా వారి పూర్వీకులదే, అక్కడ మాత్రం ఇప్పటికీ నివాసం లేదు. అదే వలయంలోని రునిట్ దీవిలో, పేలుడు గుంటలోకి కలుషిత మట్టిని నింపి 46 సెంటీమీటర్ల మందం కాంక్రీటు మూత వేశారు. గుంట అడుగున ఏ పూతా లేదు. అందులోని ప్లూటోనియం-239 అర్ధాయువు 24,000 ఏళ్ళకు పైనే. ఆ దీవికి తిరిగి వెళ్ళే ప్రశ్న ఎవరి జీవితకాలంలోనూ తలెత్తదు.

కొలంబియా విశ్వవిద్యాలయ బృందం 2016లో ప్రచురించిన కొలతలు కూడా ఈ తేడానే చూపాయి. నేల నుంచి వచ్చే గామా కిరణాల వల్ల మాత్రమే ఏటా బికినీ దీవిలో సగటున 1.84 మిల్లీసీవర్ట్‌లు, రాంగెలాప్ ప్రధాన దీవిలో దాదాపు 0.2. బికినీ తిండి సంగతి దాకా రాకముందే 1992 నాటి హద్దును దాటుతోంది. రాంగెలాప్‌లో ఊరి చుట్టూ మట్టి తీసి కంకర పరిచారు, పొటాష్ వేశారు, దాని ఫలితం ఈ అంకెలో కొంత ఉంది. ప్రధాన దీవి వరకు వెళ్ళదలచినవారిని నేను ఆపను. బికినీకి మాత్రం పొటాష్ వేయడం, కంకర పరచడం పూర్తయి, రెండు మూడు కాపుల కాయలు పరీక్షించాకే అంటాను.


జవాబు: వైద్యురాలు, ఆర్కన్సా

అధికారి గారూ, మీ జవాబు నాకు చాలా అవసరమైన సమయంలో వచ్చింది. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ రాంగెలాప్‌లో పెరిగి, 1985లో ఓడ ఎక్కినవారిలో ఒకరు. ఆవిడ మనుమరాలు పెళ్ళయ్యాక భర్తతో కలిసి రాంగెలాప్‌కు వెళ్ళి ఉండాలనుకుంటోంది. వారు నన్ను అడిగింది మిల్లీసీవర్ట్‌ల గురించి కాదు. చిన్నప్పుడు ఉత్తరపు దీవులకు పడవ మీద వెళ్ళి కొబ్బరి పీతలు పట్టి, పండనస్ ఆకుల్లో చుట్టి తెచ్చుకునేవాళ్ళమనీ, మనుమరాలు గర్భవతిగా ఉన్నప్పుడు ఆ పీత తినవచ్చా అనీ పెద్దావిడ అడిగారు. నేను అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. వచ్చే వారం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు.


జవాబు: విశ్రాంత రేడియేషన్ భద్రతాధికారి, హైదరాబాద్

డాక్టరు గారూ, ప్రధాన దీవిలో పొటాష్ వేసిన తోటల కొబ్బరి, సీమపనస, లగూన్ చేపలు తినవచ్చని చెప్పండి. లగూన్ నీటిలో సీజియం నిలవదు, చేపలలో అది చాలా తక్కువ. ఉత్తరపు దీవుల పీత మాత్రం వద్దు. అక్కడ పొటాష్ వేయలేదు, నైన్ లాంటి దీవులలో ఇటీవలి కొలతలు కూడా ఎక్కువగానే వచ్చాయి. గర్భం దాల్చకముందు ఒకసారి, దీవిలో ఆరు నెలలు ఉన్నాక మరోసారి మజురోలోనో, రాంగెలాప్‌లో యంత్రం పని చేస్తూ ఉంటే అక్కడో ఆ కుర్చీలో కూర్చోమనండి. రెండు సంఖ్యలనూ రాసిపెట్టుకోమనండి. రెండోది పెరిగితే వారు ఏం తిన్నారో పెద్దావిడే అడిగి తెలుసుకోగలరు.